జైలు కథ చెప్పే రోజు

"ఇవాళ సెలవేగా, పదిమందికి వండటానికేం?" అన్నాడు భర్త, పేపర్లోంచి తల ఎత్తకుండా.

సెలవు దేశానికి. ఆమెకి కాదు. తెల్లారకముందే మామగారి తెల్లచొక్కా ఇస్త్రీ చేసి, కూరలు తరగడానికి కూర్చుంది. జెండా ఎగరేసిన పెద్దలంతా ఏటా భోజనానికి ఈ ఇంటికే వస్తారు. పరాయి పాలన మీద పోరాడి జైలుకెళ్లినవాళ్లలో ఊళ్లో మిగిలింది మామగారొక్కరే. తిన్నాక ఆయన జైలు కథ చెప్పాలి. అది ఆనవాయితీ.

ఆమె మనసు మాత్రం సాయంత్రం బస్సు మీద ఉంది. వేరే ఊరి ఆస్పత్రిలో రక్తపరీక్షల విభాగానికి ఆమెని హెడ్‌గా వేశారు. రేపు పొద్దున చేరకపోతే ఆ కుర్చీ ఇంకొకరిది. ఇన్నేళ్లూ ఆమె చేసిన పరీక్షల కింద ఎవరెవరో సంతకాలు పెట్టుకున్నారు. భర్త వీల్లేదన్నాడు. వారంగా బతిమాలుతోంది. వారానికోసారి వస్తానంది. అన్నీ వండిపెట్టి వెళ్తానంది.

భోజనాలయ్యాయి. ఆమె కాఫీలు అందిస్తుంటే మామగారు గొంతు సవరించుకున్నారు.

"జైలరు కొట్టేవాడు కాదర్రా. రోజూ ఊచల దగ్గరికొచ్చి అడిగేవాడు. 'ఇక్కడ నీకేం తక్కువైందోయ్? వేళకి తిండి, నెత్తిన కప్పు. బయటికెళ్లి ఏం ఊడబొడుస్తావ్?' అని."

అందరూ నవ్వారు. భర్త అందరికంటే గట్టిగా నవ్వాడు.

ఆమె ట్రేతో ఉన్నచోటే ఆగింది. రాత్రి భర్త తనని అడిగినవీ అవే మాటలు. వాటికి ఆమె ఎంతసేపో సంజాయిషీ చెప్పుకుంది. ఏడ్చింది కూడా. అప్పుడు పక్కగదిలో మామగారు దగ్గారు. అంటే, విన్నారన్నమాట.

"మీరేం జవాబు చెప్పేవారు మామయ్యగారూ?" అంది. కథ మధ్యలో ఆమె గొంతు వినబడటం అదే మొదలు.

పెద్దాయన ఆమె వంక చూశారు. కొడుకు వంక చూడలేదు.

"మొదట్లో చెప్పేవాణ్ణమ్మా. చెప్పినన్నాళ్లూ వాడి అనుమతి అడుగుతున్నట్టే ఉండేది. మానేశాను."



"ఆ సంగతులు నీకెందుకు? ముందు కప్పులు తియ్యి" అన్నాడు భర్త.

ఆమె ట్రే కింద పెట్టి లోపలికెళ్లింది. బట్టల సంచీతో బయటికొచ్చి చెప్పులేసుకుంది. అతిథులు గోడలు చూస్తూ కూర్చున్నారు. మామగారు తల దించుకున్నారు.

"ఎక్కడికి?" అన్నాడు భర్త. మళ్లీ అడిగాడు, గొంతు పెంచి.

జవాబు ఆమె నోటిదాకా వచ్చింది. దాన్ని మింగేసి మెట్లు దిగింది.