పాసింజరులో వ్యాకరణం

ఉప్పునీళ్ళు పుక్కిలించి ఉమ్మేసి, ప్రభుదాసు "ఐ యామ్, యూ ఆర్" అని మెల్లగా అనుకుని చూశాడు. గొంతు పలికింది గానీ తుప్పు పట్టిన గేటు తీసినట్టు పలికింది. పెరట్లో గిన్నెలు తోముతున్న అతని భార్య కాంతమ్మ తల ఎత్తలేదు.

"గట్టిగా మాటాడొద్దని డాక్టరు సెప్పినాడు కదా."

"మెల్లగా మాటాడితే పుస్తకాలెవులు కొంటారు?"

"కొనకపోతే మానె. నా కార్ఖానా పనుంది. గంజో అంబలో తాగుదుం."

జీడిపిక్కలు ఒలిచి ఒలిచి నల్లబడిపోయిన ఆ వేళ్ళ వైపు చూడలేక ప్రభుదాసు చొక్కా బొత్తాలు పెట్టుకోవడంలో పడ్డాడు. గుండె పెరిగిందని కాశీబుగ్గ డాక్టరు చెప్పింది వానాకాలం మొదట్లో. అప్పటినుంచి ఇవాళ్టిదాకా మంచం మీదే ఉన్నాడు. ఆయాసం కన్నా భయమే అతన్ని ఎక్కువ తినేసింది. అతను అమ్మే పసుపు అట్ట ఇంగ్లీషు వ్యాకరణాన్ని రైల్లో ఎవరూ చూసి కొనరు, విని కొంటారు. గొంతు పోతే ఇక అతనికి పనంటూ లేదు.

"తిలారు టేసను దాకా సెప్పగలిగితే రేపూ ఎల్తాను. నేకపోతే మానీత్తాను" అన్నాడు, గుడ్డసంచి భుజానికి తగిలించుకుంటూ.

కాంతమ్మ గిన్నె బోర్లించి, "సెప్పినట్టే మానీయాల మరి" అంది.

పలాస స్టేషను మెట్లు ఎక్కేసరికే అతని పాదాలు చెప్పుల్లో ఇరుక్కున్నాయి. మనిషి సన్నం, కాళ్ళు మాత్రం ఉబ్బు. ఇస్త్రీ చొక్కా, జేబులో కలం, నున్నగా దువ్విన తల. చూసినవాళ్ళు ఏ స్కూలు మేష్టారో అనుకోవాలని అతని ఆశ. నిజానికి ఇంటరు ఇంగ్లీషు పరీక్ష ఎన్నిసార్లు రాసినా గట్టెక్కలేదు. మిషను స్కూల్లో గంట కొట్టే పని దొరికితే, తరగతి గది బయట నిలబడి విన్నదే అతని చదువంతా. ఆ పనీ పోయాక రైలెక్కాడు. సంతకెళ్ళేవాళ్ళూ కాలేజీ కుర్రాళ్ళూ వేరుశనగలు తింటూ, పేకాడుతూ, కునికిపాట్లు పడుతూ ఉంటే, ఇన్నేళ్ళూ వాళ్ళ నెత్తిమీదుగా అరుస్తూనే ఉన్నాడు. ఎవరైనా విన్నారో లేదో దేవుడికే తెలియాలి.

బరంపురం వైపునుంచి వచ్చిన పాసింజరులో, తలుపు దగ్గర ఎండుమెత్తళ్ళ చేపల గంప పెట్టుకుని దేముడమ్మ కూర్చుని ఉంది. బారువ మనిషి. అతన్ని మొట్టమొదట మేష్టారూ అని పిలిచింది ఆమే. ఆ పిలుపు అతనికి ఎంత ముద్దో ఆమెకి తెలియదు.

"ఏటి మేష్టారూ, ఇన్నాళ్ళు అగుపడనేదు. ఈ లైనొగ్గీసినావనుకున్నాం."

"ఒంట్లో బాగునేదు దేముడమ్మా."

పూండి దాటాక లేచి నిలబడి గొంతు సవరించుకున్నాడు. "అచ్చు ముందొస్తే ఆన్, హల్లు ముందొస్తే ఎ. ఆన్ ఆపిల్, ఎ మేంగో. ఇంతే బాబూ ఇంగ్లీషు, భయపడొద్దు." మాట సాగింది. పెట్టె ఆ చివర ఎవరో తల తిప్పితే అతనికి ప్రాణం లేచొచ్చింది. కిటికీలోంచి నౌపడా ఉప్పుమడులు తెల్లగా కనిపించేసరికి, "హీ, షీ, ఇట్..." అన్నాడు. ఆపైన గాలే వచ్చింది. మళ్ళీ ప్రయత్నించాడు. గాలే.

"మేష్టారూ, వాల్యూమ్ పెంచండి" అన్నాడొక కాలేజీ కుర్రాడు. నలుగురూ నవ్వారు.

ప్రభుదాసు కిటికీ పక్క ఖాళీలో కూలబడ్డాడు. తిలారు ఇంకా చాలా దూరం. నేల తనని మింగేస్తే బాగుండుననిపించింది.

"హీ, షీ, ఇట్ వత్తే ఎనకాల ఎస్ తగిలించాల" అని తలుపు దగ్గరనుంచి వినిపించింది. "హీ ఈట్స్. షీ ఈట్స్. ఐకి అక్కర్నేదు, యూకి అక్కర్నేదు."

దేముడమ్మ గంప వదిలి లేచింది. అతని సంచిలోంచి ఒక పుస్తకం తీసి అందరికీ చూపించింది, తలకిందులుగా పట్టుకుని. "ఆన్ ఆపిల్ అనాల. మన కాడ అది దొరకదనుకో, అయినా అనాల."

"నీకు సదువెక్కడిది అవ్వా?" అన్నాడు ఆ కుర్రాడే.

"సదువెందుకురా, సెవులున్నాయి. మేష్టారు సెప్తుంటే రోజూ ఇనీసి ఇనీసి ఒంటబట్టీసినాది. మీరే ఇన్నారు కారు."

ఇద్దరు నవ్వుతూనే పుస్తకాలు కొన్నారు. ప్రభుదాసు ముఖం సిగ్గుతో మండింది. తన కూడు ఆవిడ లాక్కున్నట్టు ఒక్క క్షణం కోపమూ వచ్చింది. తర్వాత రెండూ పోయాయి. ఇన్నేళ్ళూ గోడలకి చెప్పలేదన్నమాట. ఒక్క మనిషి, అక్షరం పొల్లుపోకుండా విన్నది. సంచి ఆమె వైపు జరిపి, "నువ్వే సెప్పు" అని పెదవులు కదిపాడు.

"నువ్వుండగా నేనేటి సెప్పేది? కాసేపు నడుం వాల్చు, నీ గొంతొచ్చీదాకా సెప్తాను" అంది.

కిటికీ ఊచలకి తల ఆనించాడు. కోటబొమ్మాళి వెళ్ళిపోయింది. ఇక అరవక్కర్లేదు అనుకుంటే ఒళ్ళంతా తేలికైంది. తాను కట్టిన వరసలోనే, తాను ఆగే చోటే ఆగుతూ ఆమె చెబుతోంది. ఎంత అలసిపోయాడో అతనికి అప్పుడు తెలిసింది.

హరిశ్చంద్రపురం దాటాక దేముడమ్మ క్రియల్లోకి వచ్చింది. "ఈట్, ఏట్, ఈటెన్. డ్రింక్, డ్రాంక్, డ్రంక్. స్విమ్, స్వామ్..." అక్కడ ఆగిపోయింది. "మేష్టారూ, ఆ తర్వాతేటి?"

ఊచలకి ఆనిన అతని తల బండి కుదుపుకి ఊగుతోంది.

"పడుకున్నాడు, లేపకు" అన్నారెవరో. ఆమె వంగి అతని చెంప తాకింది. ఎండేసే ముందు పచ్చి చేపలు పట్టి, వాటి చల్లదనం ఎరిగిన చెయ్యి అది. చటుక్కున వెనక్కి తీసుకుంది. అరవలేదు. కొంగుతో అతని నోటి చివర తుడిచి, పక్కనే కూర్చుంది.

తిలారులో నలుగురూ అతని దేహాన్ని పట్టి దించి చెట్టు నీడన పడుకోబెట్టారు. స్టేషను మాస్టరు పలాసకి ఫోను చేయించాడు. ఆ రోజు దేముడమ్మ సంతకి పోలేదు.

మధ్యాహ్నం బండికి కాంతమ్మ వచ్చింది. అతని తల ఒళ్ళో పెట్టుకుని, దువ్విన జుట్టు చెదరకుండా నిమురుతూ చాలాసేపు ఏడ్చింది. ఏడుపు ఆగాక అడిగింది.

"తిలారు దాకా సెప్పినాడా?"

దేముడమ్మ ఆమె నల్లటి వేళ్ళ వైపు చూసింది.

"సెప్పినాడమ్మా. తిలారు దాకా సెప్పినాడు."

కాంతమ్మ తల ఊపింది. "ఆ సంచి నువ్వు పట్టుకెళ్ళు. నాకు సదవడం రాదు."

"నాకూ రాదు" అంది దేముడమ్మ.

ఎవరూ తీయలేదు. ఎండుమెత్తళ్ళ గంప మీద ఆ గుడ్డసంచి అలాగే ఉంది, మూతిలోంచి ఒక పసుపు అట్ట సగం బయటికి వచ్చి.