ఎవరూ ఉండని గది

"తాడు కూడా విప్పెయ్" అన్నాడు మా ఆయన.

అప్పటికే చంటిదాని గౌన్లు, నా జాకెట్లు, ఆరీ ఆరని దుప్పటీ అన్నీ లాగి భుజాన వేసుకున్నాను. ఉత్త తాడు ఎవరితో ఏం చెబుతుందని అడగబోయి, ఊరుకున్నాను. తాడుంటే బట్టలుంటాయి, బట్టలుంటే మనుషులుంటారు. టౌన్ ప్లానింగ్ ఆఫీసు నుంచి వచ్చే మనిషికి ఆ మాత్రం తెలియదా? స్టూలెక్కి ముడి విప్పాను. మొన్న విప్పి మళ్ళీ కట్టిన ముడే. కింద నుంచి ఆయన మేకుల వంక చూస్తున్నాడు. "అవి ఊడిరావండీ, గోడ పెచ్చు లేస్తుంది" అన్నాను. "పోనీలే, మేకులకేం, గోడౌన్లో మేకులుంటాయి" అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. మేకులుండొచ్చు. మేమే ఉండకూడదు.

మేముండేది ఇంటి వెనక వైపు రెండు గదుల్లో. ముందు భాగంలో బావగారు, అక్కయ్య, మా అత్తయ్య ఉంటారు. పైన ఒక గది ఉంది, ఇప్పటికి ఖాళీ. మా పడకగది గోడకి ఆనుకుని పాత షెడ్డు. మామగారి రోజుల్లో అందులో అట్టపెట్టెలు తయారుచేసేవాళ్ళట. ఇప్పుడు అందులో అన్నదమ్ములిద్దరూ కలిసి డిస్టిలరీ పెట్టబోతున్నారు. చిన్నదే. పళ్ళరసం పులియబెట్టి, రాగి బానలో కాచి, ఆ ఆవిరిని చల్లార్చి, అందమైన సీసాల్లో పోసి అమ్ముతారట. అత్తయ్య ఎవరితోనో "మావాళ్ళు సారా బట్టీ పెడుతున్నారు" అంటే బావగారు తల పట్టుకున్నారు. "బట్టీ కాదమ్మా, క్రాఫ్ట్ డిస్టిలరీ అను." అత్తయ్య ఏ మాత్రం తొణక్కుండా, "ఏ పేరు పెడితేనేం నాయనా, తాగినవాడు ఊగేది ఒకలాగేగా" అంది. ఆ రోజు అందరితోపాటు నేనూ నవ్వాను. ఇంట్లో నేను గట్టిగా నవ్వడం అదే ఆఖరేమో.

నాకు ఆ డిస్టిలరీ మీద పగేమీ లేదు. ఉద్యోగం పోయాక ఈయన గోడవైపు తిరిగి పడుకునే మనిషయ్యాడు. ఈ మాట మొదలయ్యాకే మళ్ళీ గడ్డం గీసుకోవడం, అన్నం తింటూ పళ్ళ గురించి మాట్లాడటం. నేరేడు పళ్ళైతే రంగెలా వస్తుందో చెప్తుంటే ఆ కళ్ళు చూసి, పెళ్ళికి ముందు ఫోటోలో నాకు నచ్చినవి ఇవే కదా అనుకున్నాను. వచ్చింది ఒక్కటే చిక్కు. బాన ఉన్న గదిని ఆనుకుని ఎవరూ కాపురం ఉండకూడదట, అది రూలు. ప్లాను గీసినాయన మా ముందు గదిలో కాగితం పరిచి, "ఈ రెండు గదులూ ఏంటండీ?" అని అడిగాడు. "తమ్ముడి కాపురం" అన్నారు బావగారు. "అయితే అనుమతి రాదు" అని పెన్సిల్ చెవి మీద పెట్టుకుని కాసేపు ఆలోచించి, "గోడౌన్ అని చూపిస్తే వస్తుంది" అన్నాడు. నేనప్పుడు వాళ్ళకి టీ ఇస్తున్నాను. నా చేతిలోంచి కప్పు అందుకుంటూనే నన్ను గోడౌన్ చేశాడు.

"కాగితం మీదే కదా" అన్నారు బావగారు.

"కాగితం మీదేనే" అన్నాడు ఈయన, గదిలోకి వచ్చాక. "అనుమతి వచ్చేదాకా. ఆ తర్వాత నీ గది నీదే, నీ మంచం నీదే. ఎవడొచ్చి చూస్తాడు?"

అంటే బాన కింద మంట రాజుకున్నాక కూడా మేం ఆ గోడ పక్కనే పడుకుంటామన్నమాట. నాకు అసలే భయమెక్కువ. చంటిది నిద్రలో కాస్త కదలకపోతే ముక్కు కింద వేలు పెట్టి ఊపిరి చూస్తాను. ఒకసారి అలా చూస్తుంటే అత్తయ్య, "పిల్లని పెంచుతున్నావా, కాపలా కాస్తున్నావా?" అంది. కానీ ఇది ఉత్త భయం కాదు. ఇంటర్ మొదటి సంవత్సరంలో మా ల్యాబులో ఒకమ్మాయి చున్నీకి స్పిరిట్ దీపం అంటుకుంది. కిటికీలోంచి ఎండ పడుతోంది. ఆ వెలుగులో మంట కనపడలేదు. చున్నీ తనంతట తనే ముడుచుకుపోతుంటే మేం తెల్లబోయి చూస్తున్నాం. ఆ అమ్మాయి అరిచేదాకా అది మంటని మాకు తెలియలేదు. ఆ ఏడే నాకు సంబంధం కుదిరింది, చదువు అక్కడితో సరి. ల్యాబులో నేను నేర్చుకున్నది అదొక్కటే అనుకుంటాను.

అది చెప్పి, రేపు బానలో కాగేదీ ఆ స్పిరిట్టే కదా అంటే ఈయన దువ్వెన ఆపకుండానే అద్దంలోంచి చూశాడు. "సగంలో మానేసినదానివి, నాకు సైన్సు పాఠాలా?"

ఇంకోరోజు ధైర్యం కూడదీసుకుని, అందరూ భోజనాల దగ్గరుండగా అడిగాను. "పైగది ఖాళీగానే ఉందిగా. మేం ముగ్గురం పైకి వెళ్తే, కిందవి నిజంగానే గోడౌన్ చేసుకోవచ్చు కదండీ?" బావగారు నాతో నేరుగా మాట్లాడరు. తమ్ముడి వైపు తిరిగి, "అది టేస్టింగ్ రూమని చెప్పలేదా? వచ్చినవాళ్ళు కూర్చుని రుచి చూడాలి. కొనేవాళ్ళకి గాలీ వెలుతురూ ఉండొద్దా?" అన్నారు. అక్కయ్య కంచంలోకి చూస్తూ కూర కలుపుతోంది. ఈయన నా వైపు చూడలేదు. నేను లేచి మజ్జిగ తెచ్చాను. కొనేవాళ్ళకి గాలీ వెలుతురూ కావాలి. నిజమే, నన్నెవరూ కొనలేదు కదా, ఊరికే వచ్చాను.

అప్పటి నుంచి మా గదుల్లోంచి మమ్మల్ని తీసేసే పని నాది. నన్ను తీసేయడమైనా ఇంకెవరైనా చేసిపెడతారేమోనని చూశాను కానీ, ఇంట్లో ఏ పనైనా చివరికి వచ్చేది నా దగ్గరికే. మంచం విప్పి గోడకి నిలబెట్టాలి. పిల్ల ఉయ్యాల మడిచి అక్కయ్య బీరువా వెనక దూర్చాలి. పొయ్యి, గిన్నెలు, పోపు డబ్బా, అద్దం, అద్దానికి నేనంటించిన బొట్టుబిళ్ళలు... వాటిని గోటితో గీకుతుంటే ఎందుకో బొట్టు తీసేస్తున్నట్టే అనిపించింది. గోడ మీద పిల్ల క్రేయాన్ గీతలకి సున్నం కొట్టాలి. అన్నీ అయ్యాక ఖాళీ సీసాల పెట్టెలు తెచ్చి పేర్చాలి. ఆ తర్వాత పిల్లనెత్తుకుని ఎక్కడికైనా వెళ్ళి కూర్చోవాలి. "ఎక్కడికి వెళ్ళను?" అని అడిగాను. అది మాత్రం ఎవరూ ప్లానులో గీయలేదు.

మొదటిసారి బస్టాపులో కూర్చున్నాను. ప్లానింగ్ ఆఫీసరు రాలేదు, ఏదో మీటింగట. ఇంటికొచ్చి అన్నీ మళ్ళీ యథాస్థానంలో పెట్టాను. రెండోసారీ అక్కడే. బస్సులు ఆగేవి, ఎక్కుతావా అన్నట్టు కండక్టరు చూసేవాడు, నేను తల అడ్డంగా ఊపేదాన్ని. ఎంతమంది మధ్య కూర్చున్నా, ఫోన్ చేసి ఇలా ఉన్నానని చెప్పుకోవడానికి ఒక్క పేరు తట్టలేదు. అమ్మకి చెప్తే "సర్దుకో" అంటుంది. సర్దుతున్నానమ్మా, పొద్దుటి నుంచి అదే పని.

ఆ రెండోసారే, మా ఎదురింటి టీచరమ్మ కూరల సంచితో వచ్చి పక్కన కూర్చుంది. మా గేటుకి అంటించిన డిస్టిలరీ నోటీసు చూసి అభ్యంతరం రాసిచ్చిన మనిషి. ఆవిడ బాధంతా వీధిలో వాసన గురించీ, తాగి తూలేవాళ్ళ గురించీ.

"ఏమ్మా, మీ ఇంటి వెనకాల ఎవరూ ఉండరటగా?" అంది.

"ఆఁ... ఉండరండీ."

"మరి మా మేడ మీదకి రోజూ కనిపిస్తాయి, ఆ బుల్లి గౌన్లు ఎవరివి?"

చంటిది నా ఒళ్ళో కూర్చుని ఆవిడ సంచిలోని కొత్తిమీర లాగుతోంది. "అవా... చుట్టాలవండీ" అన్నాను. "వచ్చిపోతుంటారు."

ఆవిడ నన్నూ, పిల్లనీ, పిల్ల ఒంటి మీది గౌనునీ చూసింది. బస్సొస్తే ఎక్కి వెళ్ళిపోయింది. నా కూతురికి ఇంకా సరిగ్గా నడకే రాలేదు, అప్పుడే దాన్ని చుట్టాన్ని చేసేశాను. వీళ్ళెవరూ అనలేదు ఆ మాట. నేనే అన్నాను. ఆ మధ్యాహ్నం కూడా ఆఫీసరు రాలేదు. ఉయ్యాల తెచ్చి కట్టి, దాన్ని అందులో వేసి ఊపుతుంటే, అది నన్ను చూసి నవ్వుతుంటే, మొహం పక్కకి తిప్పుకున్నాను.

ఇక ఈరోజు మూడోసారి. "ఈసారి ఎక్కడికీ పోవద్దు" అని తీర్మానించారు బావగారు. టీ ఇవ్వడానికి మనిషి కావాలి, అక్కయ్యకి ఆఫీసు. అడిగితే ముందు భాగంలోనే ఉంటామని చెప్పమన్నారు. అత్తయ్య అది కూడా కొట్టేసింది. "దాన్ని ఏం మాట్లాడనివ్వకు. తలూపితే చాలు. తలూపడం దానికి బాగా వచ్చు."

ప్లానింగ్ ఆఫీసరు పదకొండు దాటాక వచ్చాడు. నడివయసు, మంచిమనిషి మొహం, చెమటలు కక్కుతున్నాడు. షెడ్డు చూశాడు, మురుగునీరు పోయే దారి చూశాడు, లారీ తిరిగే చోటు టేపుతో కొలిపించాడు. ప్రతిదానికీ తలాడిస్తున్నాడు. ఈయన మొహం పండగలా ఉంది. ఆ మొహం చూస్తూ నేను నిజంగానే మొక్కుకున్నాను, ఇదొక్కటి గట్టెక్కించు స్వామీ అని. బాన గుర్తొచ్చేది, మళ్ళీ ఆ మొహం కనిపించేది.

"ఇదేనా గోడౌన్?" అంటూ మా గదిలోకొచ్చాడు. వెనకే అన్నదమ్ములు. టీ పళ్ళెంతో గుమ్మంలో నేను. నా కొంగు పట్టుకుని చంటిది.

సీసాల పెట్టెల మీద చెయ్యివేసి చూశాడు. "బాగుంది. శుభ్రంగా ఉంచారే" అన్నాడు. పెన్ను తీశాడు. అప్పుడు చంటిది నా కొంగు వదిలేసింది. తప్పటడుగులేసుకుంటూ పెట్టెల మధ్య నుంచి మూలకి పోయింది. రోజూ ఉయ్యాల ఉండే మూల. అక్కడ ఏమీ లేదు. అయినా పైకి చూసింది, కొక్కెం వైపు. తర్వాత ఆ ఉత్త గచ్చు మీదే పడుకుని, బొటనవేలు నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. దాని నిద్ర వేళ అది.

ముందుగా నవ్వింది ఆఫీసరే.

"పాపకి మీ గోడౌన్ భలే నచ్చిందే!"

"పిల్లలకేముంది సార్, ఎక్కడ పడితే అక్కడ నిద్రే" అన్నాడు ఈయన, అతనికంటే గట్టిగా నవ్వుతూ. బావగారూ నవ్వారు. నా మొహం కూడా అప్పుడే నవ్వుతోందని తెలిసింది. చెంపలు నొప్పెడుతున్నాయి.

"ఆడుకోడానికి వస్తుంటుంది, అంతేనామ్మా?" అన్నాడు ఆఫీసరు నాతో. ఆ గొంతులో దయ ఉంది. అవునంటే చాలు, నాకూ ఎండ తప్పుతుంది, మీకూ పని అవుతుంది అన్నట్టుంది. తలూపితే చాలు. అత్తయ్య చెప్పినట్టు, అది నాకు బాగా వచ్చు.

"కాదండీ" అన్నాను.

పళ్ళెంలో కప్పులు గలగలమన్నాయి. "అది పడుకునేది ఇక్కడేనండీ. నేనూ, వాళ్ళ నాన్నా కూడా. ఉయ్యాల అక్కయ్య బీరువా వెనక ఉంది. మంచం బయట గోడకి నిలబెట్టి ఉంది. ఇది మా ఇల్లండీ."

ఆఫీసరు పెన్ను మూత పెట్టేశాడు. కాసేపు నన్ను చూసి, టీ తీసుకోకుండానే, "కాపురం ఇక్కణ్ణించి మార్చండి. నిజంగా మార్చాక కబురు చెయ్యండి, మళ్ళీ వస్తాను" అన్నాడు. ఆయన వెంటే బతిమాలుకుంటూ బావగారు గేటు దాకా వెళ్ళారు.

ఈయన అరుస్తాడనుకున్నాను. అరవలేదు. నా ఎదురుగా నిలబడి, "ఒక్కరోజు నోరు మూసుకుని ఉంటే ఏం పోయేది నీకు?" అన్నాడు, చాలా మెల్లిగా. కళ్ళలో నీళ్ళు. అరిచినా బాగుండేది. తర్వాత ముందు భాగంలోకి వెళ్ళి అన్నగారితో కూర్చున్నాడు. అత్తయ్య గొంతు వినిపిస్తూనే ఉంది. "నంగనాచి. నోట్లో నాలుక లేదనుకున్నాం." భోజనానికి నన్నెవరూ పిలవలేదు. వడ్డించమని కూడా పిలవలేదు. ఈ ఇంట్లో అదెప్పుడూ జరగలేదు.

పెళ్ళై ఇన్నాళ్ళలో ఇంత ఒంటరిగా ఎప్పుడూ లేను. గచ్చు మీద పిల్ల పక్కన పడుకుని ముక్కు కింద వేలు పెట్టాను. వెచ్చగా తగిలింది ఊపిరి. అది లేచేదాకా అలాగే ఉన్నాను. ఎవరినైనా క్షమించమని అడగాలా అని ఆలోచించాను. ఈయన్ని అడగాలనిపించింది, నేరేడు పళ్ళ రంగు చెప్తూ మెరిసిన ఆ కళ్ళని. కానీ ఏమని? ఉన్నానని చెప్పినందుకా?

సాయంత్రం ఎవరూ చెప్పకుండానే పని మొదలుపెట్టాను. ముందు ఉయ్యాల, తర్వాత పరుపు, తర్వాత మంచం పట్టెలు ఒక్కొక్కటీ. మెట్ల మీద ఎదురైన అక్కయ్య పక్కకి తప్పుకుని దారిచ్చింది. గిన్నెల బుట్ట పైకి చేర్చేసరికి వీధి దీపాలు వెలిగాయి. పైగది కిటికీలు రెండూ తెరిచాను. కొనేవాళ్ళ కోసం దాచిన గాలి ఒక్కసారిగా లోపలికొచ్చింది. చంటిది దానికి ఎదురుగా నోరు తెరిచి నిలబడింది.

కింద వెనక గది తలుపు తీసిన చప్పుడైంది. ఆ తర్వాత మా ఆయన గొంతు, ఖాళీ గదిలోంచి కాబోలు, పెద్దదిగా, కొత్తగా వినిపించింది.

"ఏమే... ఎక్కడున్నావ్?"

కాపురానికొచ్చాక ఆ ప్రశ్న వినడం అదే మొదలు. జవాబు నోటిదాకా వచ్చింది. వెతుక్కోనీ అనుకుని, పరుపు దులపడం మొదలుపెట్టాను.