అక్కకు వచ్చిందే తనకూ వచ్చింది

పోయాయనుకున్న పులిపిర్లు మళ్లీ మొలిచాయని తెలిసిన రోజు బుజ్జి పనిలోకి వెళ్లి మూడు అద్దాలు పాడుచేసింది. పదహారేళ్లుగా ఆ కళ్లద్దాల దుకాణం వెనకగదిలో ఆమెదే ఆ పని. ఫ్రేము కొలతకు అద్దం అంచు నూరి, వేలితో తడిమి చూసి, గరుకు తగిలితే మళ్లీ నూరుతుంది. ఆమె వేలికి కళ్లున్నాయని యజమాని మెచ్చుకునేవాడు. ఆ రోజు ఆ వేలు మొద్దుబారిపోయింది.

అవి చేతిమీదో మెడమీదో వచ్చి ఉంటే నలుగురికీ చూపించి మందు అడిగేది. వచ్చింది నోరు విప్పి చెప్పుకోలేని చోట. మొదట ఆవగింజంత ఉండేవి, తర్వాత గుత్తులు కట్టాయి. డాక్టరమ్మ మంచులా గడ్డకట్టించే మందుతో మాడ్చింది. నెలన్నరకు మళ్లీ వచ్చాయి. మళ్లీ మాడ్చింది. ముచ్చటగా మూడోసారీ వచ్చాయి. పెళ్లయి పదకొండేళ్లయింది, భర్త తప్ప మరో మగవాడి ఊసు ఎరగదు. లిఫ్టులు బాగుచేసే ఆ భర్త ఒంటిమీద మచ్చుకైనా ఒక్కటి లేదు.

ఆదివారం పొద్దున్న ఆయన పనిబూట్లు తుడుచుకుంటూ తల ఎత్తకుండా అన్నాడు. "నీకేమైనా చెప్పాలనిపిస్తే చెప్పు. అరవను."

బుజ్జి ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది. "ఏం చెప్పాలి? అదే మాట నేను నిన్ను అడిగితే?"

ఆయన బూటు కింద పెట్టాడు. "అడగాల్సిందే. నా వైపు నుంచి ఏమీ లేదు. నీ వైపు నుంచీ లేదు. మరి ఇదెక్కణ్ణుంచి ఊడిపడింది? పద, ఇద్దరం కలిసే వెళ్లి అడుగుదాం."

డాక్టరమ్మ ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుంది. నడివయసు మనిషి, మాట నిదానం.

"ఈ వైరస్ చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు తగులుతుంది. ఎక్కువమంది ఒళ్లు దాన్ని చడీచప్పుడూ లేకుండా తరిమేస్తుంది. తగిలిందని కూడా వాళ్లకు తెలీదు. ఒక్కోసారి ఏళ్లతరబడి మూల నక్కి ఉంటుంది. పెళ్లికి ముందు ఎవరికి తగిలిందో, ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఇప్పుడు నేను కాదు కదా, ఎవరూ తేల్చలేరు."

"మరి ఈయనకు లేకుండా నాకే ఎందుకండీ? అదీ పట్టిన పట్టు విడవకుండా?"

"ఒంట్లోకి చొరబడ్డ దొంగను కాపలావాళ్లకు పట్టిచ్చే పని కొన్ని జన్యువులది. అవి అందరిలో ఒకేలా ఉండవు. అమ్మ నుంచి సగం, నాన్న నుంచి సగం వస్తాయి. కొందరిలో దొంగను చూడగానే కేక పెడతాయి. కొందరిలో ఎదురుగా నిలబడ్డా ఎవరో చుట్టమనుకుంటాయి."

"అంటే మా ఆవిడ కాపలావాడు మరీ మర్యాదస్తుడన్నమాట" అన్నాడు భర్త.

డాక్టరమ్మ నవ్వింది. బుజ్జికీ నవ్వొచ్చింది, నాలుగు నెలల తర్వాత.

"అన్నీ జన్యువుల వల్లే అని నేననను. ఒంట్లో సత్తువ, పొగతాగే అలవాటు, ఇంకా చాలా ఉంటాయి. ఎందులో ఎంత పాలుందో తెలుసుకోడానికే ఇక్కడ ఒక పరిశోధన చేస్తున్నాం. ఇష్టమైతే రక్తం ఇవ్వండి. తోబుట్టువులెవరైనా కలిస్తే ఇంకా మేలు." ఆమె ఒక కాగితం ముందుకు జరిపింది. "మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా వచ్చిందా?"

"లేదండీ" అనేసింది బుజ్జి. అన్న వెంటనే ఆమె ముఖం పాలిపోయింది.

వచ్చింది, అక్కకు. పద్నాలుగేళ్ల కిందట.

అప్పుడు బావ అక్క పెట్టెను పుట్టింటి గుమ్మంలో దించి, "మీ అమ్మాయి ఎక్కడ తిరిగొచ్చిందో మీరే అడగండి" అని వీధంతా వినబడేలా అరిచి వెళ్లిపోయాడు. అమ్మ కిటికీలు మూసింది. అక్క ఏడుస్తూ ఒట్టేసింది. అమ్మ వినలేదు. బుజ్జికి అప్పుడు పాతికేళ్లు, సంబంధాలు వస్తున్నాయి. ఆమె అక్కను ఒక్కమాట కూడా అనలేదు. తన తువ్వాలు, సబ్బు మాత్రం తీసుకెళ్లి బీరువాలో పెట్టి తాళం వేసుకుంది. అక్క అది చూసింది. వారం తిరక్కుండా బేకరీలో పని వెతుక్కుని, దాని పక్కనే గది తీసుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత పెళ్లిళ్లలోనూ చావుల్లోనూ కలవడమే. అమ్మ పోయి మూడేళ్లయింది.

మర్నాడు మధ్యాహ్నం బుజ్జి బేకరీకి వెళ్లింది. పొద్దుటి రొట్టెలు అమ్ముడైపోయాయి. వెనకవైపు అక్క ఖాళీ ట్రేలు గీకుతోంది. మోచేతుల దాకా పిండి.

"ఎవరు పోయారు?" అంది అక్క చూడగానే.

"ఎవరూ పోలేదు. నీకు అప్పుడు వచ్చింది చూడు... నాకూ వచ్చింది."

అక్క చేతిలో గరిటె ఆగిపోయింది. బుజ్జి డాక్టరమ్మ చెప్పిందంతా గుక్కతిప్పుకోకుండా చెప్పింది. వైరస్ సంగతి, కాపలావాళ్ల సంగతి, అమ్మానాన్నల నుంచి వచ్చే సగాల సంగతి. చివరికి, "నీ తప్పేం లేదక్కా. నేను ఆ తువ్వాలు..." అని మింగేసింది.

అక్క మళ్లీ ట్రే గీకడం మొదలుపెట్టింది. రెండు ట్రేలు అయ్యాక అంది. "నా తప్పు లేదని నాకు అప్పుడే తెలుసు. చెప్పాను కూడా. నీ దాకా వస్తేగానీ నా మాట నిజమనిపించలేదా?"

బుజ్జి ఇంకో ఖాళీ ట్రే తెచ్చి అక్క ముందు పెట్టింది.

"మీ ఆయనేమన్నాడు?"

"డాక్టరు దగ్గరికి తోడొచ్చాడు."

"చూశావా, నీకూ నాకూ అదొక్కటే తేడా. నీకు మనిషి దొరికాడు." అక్క ట్రే పక్కకు నెట్టింది. "అమ్మ ఉండగా ఎవరైనా ఈ మాట చెప్పుంటే బాగుండేది. పోయే ముందు కూడా నా చేతి మంచినీళ్లు తాగడానికి ఒక్క క్షణం ఆలోచించింది. వెళ్లు బుజ్జీ. నాకు పనుంది."

బుజ్జి కళ్లు తుడుచుకుంటూ వచ్చేసింది. అక్కను క్షమించమని అడిగే మొహం తనకు లేదనుకుంది. పది రోజులు గడిచాయి. పదకొండో రోజు దుకాణానికి ఫోను వచ్చింది.

"ఆ డాక్టరమ్మ ఎన్నింటికి ఉంటుంది?" అంది అక్క, పలకరింపు కూడా లేకుండా.

పద్నాలుగేళ్లలో అక్క ఆ జబ్బు కోసమే కాదు, ఇంకే ఆడజబ్బుకూ డాక్టరు గడప తొక్కలేదని ఇద్దరూ డాక్టరమ్మ ఎదురుగా కూర్చున్నాకే బుజ్జికి తెలిసింది. ఎవరైనా చూస్తే అడుగుతారు, అడిగితే చెప్పాలి, చెబితే మొహం చిట్లిస్తారు. డాక్టరమ్మ మొహం చిట్లించలేదు. ఈ పులిపిర్లు తెచ్చే రకాలు సాధారణంగా క్యాన్సరు దాకా పోవని, అయినా ఈ వయసు ఆడవాళ్లందరూ చేయించుకోవాల్సిన గర్భాశయ ముఖద్వార పరీక్ష ఒకటుందని చెప్పి అప్పుడే చేసింది. వారానికి ఫలితం వచ్చింది. ఏ దోషమూ లేదు. రక్తం ఇద్దరూ ఇచ్చారు. ఆ పరిశోధన తేలడానికి రెండేళ్లు పడుతుందట, ఒక్కొక్కరికీ విడిగా ఫలితం చెప్పరట.

"చెప్పకపోతే పోనీలెండి" అంది అక్క. "నేనొకటి అడుగుతాను, దానికి చెప్పండి. ఇది వచ్చినంత మాత్రాన ఆడది చెడిపోయినట్టా?"

"కాదు" అంది డాక్టరమ్మ.

"కొంచెం గట్టిగా చెప్పండి. ఇది వినాలి." అక్క చెల్లెలివైపు వేలు చూపించింది.

"కాదమ్మా, కానే కాదు!"

బుజ్జికి తల కొట్టేసినట్టయింది. అక్క పెదవి చివర మాత్రం చిన్న నవ్వు కనబడింది.

మూడోసారి మాడ్చడంతో పాటు రాసుకునే మందు కూడా ఇచ్చారు. మూడు నెలలు రాశాక బుజ్జికి తగ్గింది. మళ్లీ రావచ్చు, వస్తే మళ్లీ చూద్దామన్నారు. ఆమె ఇప్పుడు అద్దాలు పాడుచేయడం లేదు. ఆదివారాలు అక్క వస్తోంది. మొదట్లో అరగంట కూర్చుని చెప్పుల్లో కాళ్లు పెట్టేసేది. ఇప్పుడు బుజ్జి భర్తతో పేకాడి, ఆయన తొండి పట్టుకుని కేకలేస్తోంది. పాత సంగతి ఎప్పుడైనా గుర్తొస్తే ఎవరో ఒకరు ఇంకేదో ఎత్తుకుంటారు.

ఒక శనివారం బుజ్జి బేకరీకి వెళ్లేసరికి, కేకులమీద పూలు వేసే అమ్మాయి వెనకగదిలో ఏడుస్తోంది. కొత్తగా పెళ్లయిన పిల్ల. అక్క పక్కన స్టూలు వేసుకుని కూర్చుని ఉంది. గది తలుపు బార్లా తీసే ఉంది, కౌంటరు దగ్గర ఇద్దరు మనుషులున్నారు.

"ఎందుకే అంత కుంగిపోతావ్?" అంటోంది అక్క, మామూలు గొంతుతోనే. "నాకూ వచ్చింది. ఇదిగో, మా చెల్లికీ వచ్చింది. సోమవారం డాక్టరమ్మ ఉంటుంది, నేను తీసుకెళ్తాను. మీ ఆయన్నీ రమ్మను. రానంటే నాకు చెప్పు."

కౌంటరు దగ్గర మనుషులు తల తిప్పి చూశారు. బుజ్జి గబగబా వెళ్లి తలుపు వేయబోయింది.

"ఉండనీ" అంది అక్క.

బుజ్జి తలుపు వదిలేసి, ఆ పిల్లకు అటుపక్కన ఇంకో స్టూలు లాక్కుని కూర్చుంది.