పదీపది

నేను ఒక కోయిల గడియారాన్ని. గోడకు వేలాడే చెక్క ఇల్లు, పైన చిన్న తలుపు, తలుపు వెనక ఒక చెక్క పిట్ట. గంట కాగానే ఆ పిట్ట తలుపు తోసుకుని వచ్చి, ఎన్ని గంటలైతే అన్నిసార్లు కూసి లోపలికి పోయేది. ఇప్పుడు కుయ్యదు.

పుట్టింది జర్మనీలో, బ్లాక్ ఫారెస్ట్ కొండల్లో. మంచు కురిసి పొలం పనులు ఆగిపోతే అక్కడి రైతులు పొయ్యి పక్కన కూర్చుని మమ్మల్ని చెక్కేవారు. పిట్ట గొంతులో మాయేమీ లేదు. రెండు బుల్లి తిత్తులు, రెండు ఈల గొట్టాలు. ఒకటి 'కు' అంటే రెండోది 'కూ' అంటుంది. నన్ను నడిపేవి గొలుసులకు వేలాడే ఇనప గుండ్లు. పొద్దున పైకి లాగి వదిలితే రోజంతా మెల్లగా కిందికి దిగుతాయి. ఈ మాత్రానికే మనుషులు తరతరాలుగా నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు.

ఓడెక్కి కాకినాడ చేరాను. తెప్పించుకున్న దొరకు నెల తిరక్కుండానే మొహం మొత్తింది. దేశం విడిచి పోతూ అతను సామాను వేలం వేస్తే, రేవులో ఉద్యోగం చేసే సుబ్బారాయుడుగారు నన్ను పాడుకుని, కొత్తగా కాపురానికొచ్చిన భార్య పేరిందేవమ్మ ముందు పెట్టారు. "ఇహ మనింట్లో ఏడాదంతా వసంతమేనే!" అని మురిసిపోయారు. ఆవిడ పిట్ట బయటికొచ్చినప్పుడల్లా కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వేది. మూడిళ్ళు చూశాను గాని, నన్ను చూసి అలా నవ్వినవాళ్ళు మళ్ళీ లేరు.

ఆయన పోయారు. తరవాత ఆవిడ చూపూ పోయింది. కొడుకు సూర్యప్రకాశం విశాఖలో కొత్త ఫ్లాట్ కొని తల్లిని, తల్లితోపాటు నన్నూ తీసుకెళ్ళాడు. కోడలు హేమలతకు పాతవస్తువులంటే ప్రాణం. నన్ను హాల్లో నడిగోడకు తగిలించి, వచ్చినవాళ్ళందరికీ చూపించేది. చూపులేని పేరిందేవమ్మకు మాత్రం నేను అలంకారం కాను. ఎప్పుడు తినాలో, ఎప్పుడు మందు వేసుకోవాలో ఒకరిని అడక్కుండా బతకడానికి ఆవిడకు నా పిట్ట కూత ఒక్కటే ఆధారం.

ఒక సాయంత్రం హేమలత స్నేహితులు వస్తున్నారు. ముసలావిడ హాల్లో ఉంటే బాగుండదనుకుంది.

"తొమ్మిదైందత్తయ్యా, వెళ్ళి పడుకోండి."

ఆవిడ లేవబోతుండగా నా పిట్ట వచ్చి ఆరుసార్లు కూసింది. అప్పటికే గుమ్మంలో ఉన్న స్నేహితులు విన్నారు.

"మీ ఇంట్లో రాత్రి పెందలాడే అవుతుందే అమ్మాయ్," అంది పేరిందేవమ్మ.

మర్నాడు పిట్ట తలుపుకు జిగురు పడింది. ఆవిడ ఓడిపోలేదు. నా కింద కుర్చీ వేయించుకుని గుండ్లు తడుముకునేది. తల దగ్గరుంటే పొద్దున, భుజం దగ్గరికొస్తే భోజనం వేళ. నెలన్నా కాకుండానే ఆ గుండ్లూ పోయాయి. గొలుసులు వేలాడుతుంటే గోడ అందం చెడుతోందట! ముళ్ళు మాత్రం షాపుల్లో గడియారాలకు పెట్టినట్టు పదీపది దగ్గర పెట్టారు. ఆ తరవాత పేరిందేవమ్మకు ఎప్పుడు రాత్రైతే హేమలతకు వీలో అప్పుడు రాత్రయ్యేది. నాకు ఒళ్ళు మండేది. మండి ఏం చేస్తాను, నోరు లేదు.

వాళ్ళు పెళ్ళికి వెళ్ళిన రోజున, బాల్కనీ ఎండ ఇంకా నేలమీద ఉండగానే, ఆవిడ కుర్చీలో కూర్చుని నా కింద గాలిలో చెయ్యి ఆడించింది. గుండు కోసం వెతుకుతోంది. "ఎంతైంది నాయనా?" అని నన్నే అడిగింది. ఆ చెయ్యి ఒళ్ళో వాలిపోయింది. మళ్ళీ లేవలేదు. రాత్రి వాళ్ళు తిరిగొచ్చేసరికి ఒళ్ళు చల్లబడి ఉంది.

మర్నాడు పురోహితుడు అడిగాడు. "ప్రాణం పోయిందెప్పుడమ్మా? పొద్దు గూకకముందైతే నక్షత్రం మంచిది కాదు. ఇల్లు ఆర్నెల్లు మూసెయ్యాలి. రాత్రి తొమ్మిది దాటాకైతే ఏ దోషమూ లేదు."

సూర్యప్రకాశం తలొంచుకున్నాడు. హేమలత తలెత్తి నన్ను చూసింది.

"పదీపదండీ. గడియారం చూశాను."

అబద్ధమేం కాదు, చూసింది. పురోహితుడు ఆ వేళకే తిథి కట్టాడు. ఏటా ఆ తిథికే, నా కిందే విస్తరి వేసి ఆవిడను పిలుస్తారు. బతికినన్నాళ్ళూ ఆవిడకు దొంగ వేళలు చెప్పినవాళ్ళు, పోయాక ఆ పని నా చేత చేయించారు.