వానకోసం ఆగిన చిచ్చుబుడ్డి

చిచ్చుబుడ్డి అనగానే దీపావళి నాడు పిల్లలు గుమ్మం ముందు పెట్టి, కాకరపువ్వొత్తి తగిలించి పరిగెత్తే గుప్పెడు బుడ్డి మీకు గుర్తొస్తుంది. నేనూ ఆ జాతిదాన్నే గాని ఆ పరిమాణం దాన్ని కాదు. నేను బిందె అంత ఉంటాను. పైన బొటనవేలు దూరే కన్నం, కింద మందు దట్టించడానికి వెడల్పాటి నోరు. కుమ్మరి గవరయ్య నన్ను సారె మీద తీస్తున్నంతసేపూ గొణుగుతూనే ఉన్నాడు.

"నీలు పోసుకోడానికి పనికిరాదు, కూడొండుకోడానికి పనికిరాదు. ఓపాలి తగలెట్టి పారీడానికి ఇంత మట్టి దండగ!"

అలా గొణుగుతూనే నా గోడలు ఎక్కడా మందం తేడా రాకుండా నాలుగు వైపులా తడిమి తడిమి చూశాడు. మనుషుల్లో నేను మొదట చూసిన వింత అది. దండగంటూనే ప్రాణం పెట్టి చేస్తారు.

నన్ను తెచ్చుకున్నది చిన్నంనాయుడు. చెరుకు రైతు. మందుగుండు ఆయన జీవనం కాదు, పిచ్చి. ఏటా వైశాఖంలో మరిడమ్మ పండగకి ఎగువీధి వాళ్లు జువ్వలు కడతారు. దిగువీధి తరఫున చిన్నంనాయుడూ, ఆయన బావమరిది సింహాద్రీ చిచ్చుబుడ్డి కడతారు. దానికి ఎవరూ చిల్లిగవ్వ ఇవ్వరు. చొక్కాకి చిల్లులు, కాలిన కనుబొమలు, ఇంట్లో తిట్లు, అంతే సంపాదన. అయినా మిగతా ఏడాదంతా ఆ ఒక్క సాయంత్రం గురించే మాట్లాడుకుంటారు.

చిచ్చుబుడ్డి గొప్పతనం మందులో లేదు, దాంట్లో కలిపే ఇనుప రజనులో ఉంది. విరిగిపోయిన చెరుకు గానుగ రోలరు ముక్కని నాయుడు రోజుల తరబడి నూరి, జల్లించి, ఆ బీడు ఇనుము రజనుకి ఆముదం పట్టిస్తాడు. అది మండితే తెల్లటి పువ్వు ఇంటి కప్పుకన్నా ఎత్తుకు పూసి, కొమ్మలు కొమ్మలుగా విడిపోతుంది. కాని మందులోని సూరేకారం పక్కన ఇనుము ఎక్కువకాలం బతకదు. ఆముదం కొన్నాళ్లు కాస్తుంది, ఆ తరవాత తుప్పు మొదలవుతుంది. అందుకే పండగ దగ్గరపడితే గాని ఆయన ఎప్పుడూ దట్టించడు.

ఆ ఏడు మాత్రం ముందే దట్టించాడు. కారణం ఆయన కళ్లు.

అప్పటికే ఆయన లోకాన్ని గొట్టంలోంచి చూసినట్టు చూస్తున్నాడు. పట్నం డాక్టరు చూసి, కంటి నరం ఎండిపోతోందన్నాడు. చుక్కల మందుతో నిలబడే దశ దాటిపోయిందన్నాడు. వానాకాలం నాటికి ఏమాత్రం చూపు మిగులుతుందో చెప్పలేనన్నాడు. ఆ సంగతి నాయుడు భార్యకి కూడా చెప్పలేదు, సింహాద్రికి చెప్పాడు. నా కడుపులో మందు దట్టిస్తూ చెప్పాడు కాబట్టి నేనూ విన్నాను.

"తెల్లపువ్వు ఇంకోపాలి సూసుకుంటే సాల్రా. ఆపైన సీకటయిపోతే అయిపోనీ."

సింహాద్రి నా అడుగు బంకమట్టితో మూశాడు. ఇక నన్ను తెరవడానికి లేదు. గట్టిపడ్డ మందుని గీకితే అగ్గి పుడుతుంది.

అడుగు ఆరకముందే పొరుగూళ్లో ఎవరో జువ్వ ఎలా ఎగురుతుందో చూద్దామని వదిలారట. అది తాటాకింటి మీద పడింది. ఎండాకాలం, పడమటి గాలి. పేటంతా బూడిదయింది. కట్టేసిన పశువులు కట్టేసినట్టే కాలిపోయాయి. మర్నాడే అధికారులు టముకు వేయించారు: వానలు పడి కప్పులు తడిసేదాకా ఎక్కడా ఎగిరే మందుగుండు కాల్చకూడదు, నేల మీద కాలేవాటి సంగతి ఊరి పెద్దలు తేల్చుకోవాలి.

పంచాయతీ అరుగు మీద అందరూ చేరారు. నిప్పు సంగతి తెలిసినవాడని ముందుగా నాయుణ్ణే అడిగారు. సర్పంచి మంచివాడు, పైగా వరసకి అల్లుడు.

"నీది ఎగిరేది కాదు గదా మావా. పండగ నాడు నీదొక్కటీ కానిచ్చేద్దుం. అమ్మోరికి ఎలితి లేకుండా ఉంటాది."

ఆ మాటకి సింహాద్రి ప్రాణం లేచొచ్చిందట. నాయుడు తలెత్తి గాలికి మొహం పెట్టాడట.

"రవ్వకి ఎగువీధి, దిగువీధి తెలుస్తాదేటి? నాదొదిలితే ఎగువీధోలు జువ్వలు దాసుకుంటారా? ఆపితే అన్నీ ఆపాల. పండగే ఎనక్కి జరుపుదుం, వాన పడ్డంక సేసుకుందుం."

తన చేత్తో తనే తలుపు మూసుకున్నాడన్న సంగతి ఆ అరుగు మీద సింహాద్రికి తప్ప ఎవరికీ తెలియదు. ఇంటికొచ్చాక వాడు నా ఎదురుగానే కూలబడ్డాడు.

"నీకేటైనా పిచ్చా బావా? సెప్పొచ్చు గదా, కళ్లు పోతన్నాయని!"

"సెప్తే జాలిపడి ఒదిలేద్దురు. పేట తగలడితే ఆ జాలేటి సేస్తాదిరా?"

నన్ను బియ్యం గాబులో పాతిపెట్టారు, చెమ్మ చేరకుండా. నాయుడు భార్య అచ్చియ్యమ్మ అన్నానికి బియ్యం తీసినప్పుడల్లా నా మీద చేయి పడితే ఉలిక్కిపడేది.

"ఇంట్లో పిడుగెట్టుకుని కాపరం సేస్తన్నాను మావా. మీ అమ్మ ముందే సెప్పుంటే ఈ గుమ్మం తొక్కీదాన్నే కాదు."

"అందుకే సెప్పనేదు."

సాయంత్రాలు జువ్వలవాళ్లు కూడా నాయుడి ఇంటి అరుగు మీదికే చేరేవారు. కూర్చుని ఆకాశం చూసేవారు. చెరుకు ఎండుతున్నప్పుడు కూడా వాళ్లు అంతలా మబ్బుల కోసం చూడలేదని అచ్చియ్యమ్మ ఎత్తిపొడిచేది. చేతులు ఊరుకోక ఒకడు ఉత్త కాగితం చుట్టేవాడు, ఇంకొకడు విప్పేవాడు. వాళ్ల మధ్య కూర్చుని నవ్వుతూ ఉండే నాయుడు, ఎవరు మాట్లాడితే అటు కాస్త ఆలస్యంగా తిరిగేవాడు.

మృగశిర దగ్గరపడింది. చుక్క లేదు. నా కడుపులో ఎక్కడో ఒక రవ్వంత ఇనుము తుప్పుపట్టి ఎర్రబడింది. పక్కనున్న రేణువుకి అంటుకుంది. అరవడానికి నాకున్నది ఒకటే నోరు, అది నిప్పు తగిలితే గాని తెరుచుకోదు.

ఒక పొద్దుగూకే వేళ నాయుడు చెంబు అనుకుని దీపం మీద చేయి వేశాడు. చేయి కాలినందుకు కాదు, వెలుగు కనబడనందుకు బెదిరిపోయాడు. సింహాద్రిని కేకేశాడు.

"ఒరే, ఏటి ఇసకలోకి పోదుం. మజ్జిన ఇసక, సుట్టూ అంటుకునీదేటీ ఉండదు. పద."

ఎన్నాళ్లుగానో సింహాద్రి చెప్తున్నదే అది. నన్ను బియ్యంలోంచి తీసి, గోనెలో చుట్టి, బావని చెయ్యి పట్టుకుని ఏట్లోకి దించాడు. నన్ను ఇసకలో కుదురుగా నిలబెట్టి, వత్తి సరిచేశాడు. అగ్గిపెట్టె నాయుడి చేతిలో పెట్టాడు. ఆయన మొహం పడమర కేసి తిరిగి ఉంది, చివరి వెలుతురు వైపు.

గాలి వీచింది. గట్టు మీది రెల్లు గరగరలాడింది.

"రెల్లు ఎండిందా?"

"ఎక్కడో అక్కడుందిలే బావా. గీయి."

"ఎండిందా అని అడుగుతన్నాను."

నాయుడు పుల్ల తీశాడు. తడిమి పెట్టె అంచుకి ఆనించాడు. ఎంతసేపు అలా ఉన్నాడో! రెల్లు వెనక చెరుకు తోటలు, తోటల వెనక తాటాకు కప్పులు. ఆయనకి ఏవీ కనబడలేదు, అన్నీ తెలుసు. పుల్ల తిరిగి పెట్టెలో పెట్టేశాడు.

"పంచాయతీ అరుగు మీద కూకుని అందరికీ సెప్పినోణ్ణిరా నాను. తీసీ, ఇంటికి పోదుం."

సింహాద్రి ఇసకలో కూలబడి ఏడ్చాడు. నాయుడు ఏడవలేదు. దారి తెలియక ఎటో నాలుగడుగులు వేసి, వాడి కోసం ఆగాడు.

ఆషాఢంలో వాన పడింది. కప్పులు తడిశాయి, టముకు మళ్లీ మోగింది, పండగ జరిగింది. ఎగువీధి జువ్వల్లో ఇనుము ఉండదు, దాచినా చెడవు. రివ్వుమని లేచి మబ్బుల కింద విచ్చుకున్నాయి. తరవాత నన్ను తెచ్చి గుడి ముందు పెట్టారు. నాయుణ్ణి ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టారు. అప్పటికి ఆయనకి పగలూ రాత్రీ ఒకటే. అయినా వెలుగు మరీ ఎక్కువైతే తెలుస్తుందేమోనని కళ్లు పెద్దవి చేసుకుని కూర్చున్నాడు.

సింహాద్రి వెలిగించాడు.

నాకున్నదంతా కక్కాను. పొగ వచ్చింది. ఎర్రటి మంట మూరెడెత్తు లేచి, దగ్గుతూ దగ్గుతూ కుంగిపోయింది. పువ్వు లేదు, కొమ్మలు లేవు. జనం నాయుడి కేసి చూసి చప్పట్లు కొట్టారు.

"పూసింది బావా! ఏపసెట్టంత పూసింది!" అన్నాడు సింహాద్రి.

"తెల్లగానా?"

"మల్లెపువ్వే!"

నాయుడు లేచి, వేడి దారిన నడిచొచ్చి, చల్లారకముందే నా మీద చేయి పెట్టాడు. బీడు మండినప్పుడు నా పెదవి చుట్టూ గరుకుగా, ముత్యాల్లా కరుడు కట్టాలి. ఆయన వేళ్లకి మసి తప్ప ఏమీ తగల్లేదు. అక్కడే నిలబడి ఆ నున్నటి అంచునే తడుముతూ ఉండిపోయాడు. అబద్ధమాడినందుకు సింహాద్రిని తిట్టలేదు.

నన్ను అచ్చియ్యమ్మ పారేయనివ్వలేదు. పెరట్లో పెంటకుప్ప పక్కన బోర్లా పడి ఉన్నాను. గవరయ్య అన్నట్టే నీళ్లకీ పనికిరాను, కూటికీ పనికిరాను.

మళ్లీ ఎండాకాలం వచ్చింది. మొన్న ఎగువీధి వాళ్లు నాయుడి దగ్గరకొచ్చి, అరుగు కింద నిలబడి అడిగారు.

"నాయుడుబావా, ఈ ఏడు ఎండలు మరీ అంత లేవు గదా. జువ్వలు కట్టుకోమంటావేటి?"

సింహాద్రి లోపలికి వెళ్లిపోయాడు. నాయుడు మొహం గాలి కేసి తిప్పాడు.

"ఆపండి" అన్నాడు.