వాగు కిందివాళ్లు

మందమర్రి గని కాలనీలో పెరిగిన శ్యామలకు చిన్నప్పుడు తెల్లబట్ట అంటే సాయంత్రానికి మాసిపోయేదే. తీగ మీద ఆరేసిన వాటన్నిటి మీదా బొగ్గు దుమ్ము వాలేది. ఎనిమిదో తరగతిలో వనజ టీచర్ గైడ్స్ పిల్లలను జన్నారం అడవికి క్యాంపుకు తీసుకెళ్లింది. వాగు ఒడ్డున ఆరేసిన రిబ్బన్లు తెల్లగానే ఆరడం చూసి శ్యామల నోరెళ్లబెట్టింది. తిరిగి వచ్చే రోజు వనజ టీచర్ కొంగు దోపుకుని పొదల్లో చిక్కిన దారప్పోగులు కూడా ఏరింది. "మనం వచ్చినట్టు అడివికి తెల్వద్దు బిడ్డా" అంది.

ఇప్పుడు శ్యామల కరీంనగర్‌లో టీచరు. తన బడి గైడ్స్ పిల్లలను ఆ వాగు ఒడ్డుకే క్యాంపుకు తీసుకొచ్చింది. రెండో రోజు పొద్దున చూస్తే, నవ్యశ్రీ వాగులోనే సబ్బు పెట్టి పళ్లేలు తోముతోంది.

"నీళ్లల్ల వద్దని నిన్ననే చెప్పిన గదనే!"

"పారే నీళ్లే గద టీచర్. ఎటో కొట్టుకపోతది."

వనజ టీచర్ అయితే కేకలేసేది కాదు. శ్యామల కూడా కోపం దిగమింగుకుంది. "ఎటు పోతదో చూసొద్దాం, రా" అంది.

ఇద్దరూ ఒడ్డు వెంట నడిచారు. మలుపు దాటాక మడుగులో ఒక ముసలమ్మ బిందె ముంచుతోంది. దగ్గరి గూడెంలో ఉండే సమ్మవ్వ. చెమటలు కక్కుతున్న పిల్లను చూసి చెంబు నింపి ఇచ్చింది.

"తాగు బిడ్డా. నిన్నటి సంది జర సబ్బు వాసనొస్తున్నయ్, ఏమనుకోకు."

నవ్యశ్రీ ఒక గుక్క తాగి ఆగిపోయింది. చెంబు కింద పెట్టలేదు, మళ్లీ ఎత్తనూ లేదు.

"గా సబ్బు నాదే అవ్వా" అంది చివరికి.

సమ్మవ్వ నవ్వింది. "గట్లనా! ఫికర్ చెయ్యకు. చెలిమె తోడుకుందాం."

నవ్యశ్రీ పరుగెత్తి తోటిపిల్లలను పిలుచుకొచ్చింది. వాగుకు ఎడంగా, ఇసుకలో అందరూ చేతులతో గుంత తవ్వారు. ముందు బురదనీళ్లు ఊరాయి. వాటిని తోడి పారబోశారు, మళ్లీ తోడారు. మెల్లగా అడుగున ఇసుక రేణువులు కనిపించేంత తేటనీరు నిలిచింది. సమ్మవ్వ బిందె నిండాకే పిల్లలు దోసిళ్లు పట్టారు.

తడి ఇసుకలో చతికిలబడ్డ శ్యామలకు వనజ టీచర్ మీద బెంగ ముంచుకొచ్చింది. ఆమె ఉంటే ఈపాటికి మోకాళ్ల దాకా ఇసుకలో ఉండేది.

"టీచర్, పళ్లేలు కడిగిన నీళ్లు గా చెట్ల మొదట్ల పోద్దామా?" నవ్యశ్రీ అడిగింది.

"పా, నేనూ వస్త" అంటూ శ్యామల లేచింది.