నాలుగో అంతస్తు తలుపు

నాకు ధైర్యం తక్కువ. బొద్దింక కనిపిస్తే కుర్చీ ఎక్కే రకం. అలాంటి నన్ను చొక్కాల ఫ్యాక్టరీలో భద్రతా ఇన్‌చార్జిని చేశారు. ఎదురు చెప్పనని తెలిసే చేశారు.

మా చొక్కాలు కొనే విదేశీ కంపెనీ ఆరు నెలలకోసారి వీడియో కాల్‌లో తనిఖీ చేస్తుంది. మూడు కుట్టు అంతస్తుల్లోనూ అత్యవసర తలుపు తీసి చూపించాలి. తాళం లేనిది రెండో అంతస్తు తలుపు ఒక్కటే. సరుకు దొంగతనంగా బయటికి పోతుందని మిగతా రెంటికీ మేనేజర్ గొలుసులు బిగించాడు. అందుకే ఆ ఒక్క తలుపునే మూడుసార్లు చూపిస్తాం. మధ్యమధ్యలో సిగ్నల్ పోయిందని కాల్ కట్ చేసి, గోడ మీద అంకె మారుస్తాను. రెండు, మూడు, నాలుగు. ఆ అంకెల పలకలు నా సంచిలోనే ఉంటాయి.

మొన్నటిదాకా అది నాకు ఉత్త నాటకమే. సోమవారం మా చెల్లి నాలుగో అంతస్తులో మిషన్ మీద చేరింది. చేర్పించింది నేనే. మంగళవారం అక్కడ ఇస్త్రీ పెట్టె వైరు కాలి పొగ కమ్మింది. ఐదు నిమిషాల్లో ఆర్పేశారు. ఆ ఐదు నిమిషాలూ చెల్లి తలుపు బాదుతూనే ఉందట.

"ఆ తాళంచెవి ఎవరి దగ్గరుంటుందే అక్కా?" అని ఇంటికొచ్చి అడిగింది. మేనేజర్ దగ్గరని చెప్పి, పలకలున్న నా సంచిని మంచం కిందికి తోశాను.

ఈరోజు తనిఖీ. రెండు, మూడు గట్టెక్కాయి. కాల్ కట్ చేసి నాలుగు అంకె ఉన్న పలక తీశాను గానీ గోడకి తగిలించలేదు. మేనేజర్ కానివ్వమని కళ్ళురిమాడు. పలకను అక్కడే వదిలేసి మెట్లెక్కాను.

"ఎక్కడికమ్మా? మా కొంప ముంచుతావా?" అంటూ వెనకే వచ్చాడు. ఆగితే మళ్ళీ కదలలేనని భయపడి ఆగలేదు.

పైన కాల్ కలిపి, ఫోన్‌ను సరిగ్గా తాళానికి ఎదురుగా పట్టాను. చెల్లి మిషన్ ఆపి లేచి నిలబడింది.

ఫోన్‌లో తనిఖీ ఆవిడ తన భాషలో ఏదో అంది. ఆవిడ పక్కనున్న దుబాసీ మెల్లగా తెలుగులో చెప్పాడు.

"ఫోన్ కాస్త పక్కకి జరపమంటున్నారండీ. రిపోర్టు కోసం తీసే ఫొటోలో తాళం పడుతోందట. ఈ నెల సరుకు ఆగిపోతే వాళ్ళకీ ఇబ్బందేనట."

ఇన్నాళ్ళూ మా మోసం వాళ్ళకి తెలిసిపోతుందని భయపడ్డాను. వాళ్ళకి ఎప్పుడో తెలుసు. వెనక ఆయాసపడుతున్న మేనేజర్ కంటే ఆ మర్యాదైన గొంతే నన్ను ఎక్కువ భయపెట్టింది.

"ఒసేయ్, మెకానిక్ పెట్టెలో సుత్తి ఉంటుంది, పట్టుకురావే," అన్నాను చెల్లితో.

ఫోన్ మాత్రం పక్కకి జరపలేదు.